మాస్టారిని అడగండి: జిలాంగ్ పిల్లుల కబుర్లు

కిందటి సంచికలో నోరు జారాను. "మీకు బాగా ఇష్టమైన జట్టేది మాస్టారూ?" అని ఎవరో అడిగితే, "జిలాంగ్ క్యాట్స్" అని రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకున్నాను. ఇక చూడండి, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన దాని గురించే. ఏటి ఆ జట్టు, ఎక్కడిది, ఎవరాడతారు, మీకెలా తెలుసు అని. మోకాళ్ల నొప్పికి వ్యాయామం అడిగిన సాలూరు పాఠకుడూ, షటిల్ బ్యాట్ గురించి అడిగిన చీపురుపల్లి అమ్మాయీ కాస్త ఓపిక పట్టండి. ఈ సంచిక ఈ పిల్లులకి, అంటే ఆ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ జట్టుకి, వదిలేస్తున్నాను.

ముందు నా సంగతి. ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్ మాస్టారుగా ఈల ఊది, విజయనగరం కంటోన్మెంటులో ఇల్లు కట్టుకుని కూర్చున్నాను. మా అమ్మాయీ అల్లుడూ ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌కి డెబ్బై అయిదు కిలోమీటర్ల అవతల, జిలాంగ్ అనే ఊళ్లో ఉంటారు. 2023లో అయిదు నెలలు వాళ్ల దగ్గరున్నాను. అక్కడ చలికాలం. ఇంట్లో వాళ్లంతా పొద్దున్నే పన్లకి పోతారు. పక్కింట్లో ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన ఒకరుండేవారు, డెబ్బై ఏళ్ల మనిషి. నా ఇంగ్లీషు ఆయనకి సగం, ఆయన ఇంగ్లీషు నాకు పావు అర్థమయ్యేది. మిగతా అంతా చేతులతోనే. కింద చెప్పబోయే సంగతుల్లో సగం ఆ గోడ మీద మోచేతులాన్చి విన్నవే.

● జిలాంగ్ అంటే ఏ జిల్లా మాస్టారూ?
– గజపతినగరం నుంచి ఒక పాఠకురాలు

తల్లీ, మా వీధిలో పాలు పోసే ఆవిడా ఇదే అడిగింది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పట్నుంచి పార్వతీపురం వైపు చుట్టాలే ఏ జిల్లా అని అడిగితే ఒక్క క్షణం ఆగి చెప్తున్నారు, ఇక జిలాంగ్ మాటేం చెప్పను. అది విక్టోరియా రాష్ట్రంలో సముద్రపు ఒడ్డునున్న ఊరు. ఒకప్పుడు ఉన్ని వ్యాపారానికి పేరు. అప్పట్లో ఉన్ని మూటలు కట్టేది జనపనార సంచుల్లోనే. ఆ మాట వినగానే మన నెల్లిమర్ల జూట్ మిల్లు గుర్తొచ్చి, ఆ ఊరు మీద అభిమానం పుట్టేసింది.

● అది ఫుట్‌బాలేనా? యూట్యూబ్‌లో చూస్తే బంతి చేత్తో పట్టుకుని పరిగెడుతున్నారు. తోసుకుంటున్నారు. ఫౌల్ ఎవరిస్తారు?
– బొబ్బిలి నుంచి ఒక ఇంటర్ విద్యార్థి

మొదటి రోజు నేనూ నీలాగే రిఫరీ మీద కోప్పడ్డాను బాబూ. అది వాళ్ల సొంత ఆట, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. మెల్‌బోర్న్‌లో క్రికెట్ ఆడేవాళ్లు చలికాలం ఒళ్లు మందగించకుండా ఉండాలని మొదలెట్టారు. 1859 మే నెలలో కూర్చుని నియమాలు రాసుకున్నారు. జిలాంగ్ క్లబ్బూ ఆ ఏడు పుట్టిందే. క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు కాబట్టి మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బంతీ అదే ఆకారం. జట్టుకి పద్దెనిమిది మంది. ఆఫ్‌సైడ్ అన్న మాటే లేదు.

అటూ ఇటూ నాలుగేసి కర్రలు పాతి ఉంటాయి. నడిమి రెండు పొడుగు కర్రల మధ్యనుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్కనున్న పొట్టి కర్రల సందులోంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటు. అంటే గురి తప్పినా చేతిలో కాసింత బెల్లం ముక్క పెడతారన్నమాట. గోల్ పడితే అక్కడ నిలబడ్డ అంపైరు రెండు చేతుల వేళ్లూ చూపించి, రెండు జెండాలు తీసి ఊపుతాడు, అచ్చం మన రైలు గార్డులా.

పరిగెత్తేవాడు పదిహేను మీటర్లకోసారి బంతిని నేలకి కొట్టి అందుకోవాలి. విసరకూడదు. ఒక చేత బంతి పట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి, దాన్ని హ్యాండ్‌బాల్ అంటారు. ఇది గుర్తుపెట్టుకో, ముందు అవసరం పడుతుంది. ఇక అసలు సంబరం 'మార్క్'. ఎవరో తన్నిన బంతి పదిహేను మీటర్లకి తక్కువ కాకుండా గాల్లో వస్తుంటే దాన్ని కింద పడకుండా పట్టుకున్నవాడికి, అడ్డు లేకుండా తన్నుకునే హక్కు వస్తుంది. ఆ పట్టు కోసం ఎదుటివాడి వీపు మీద మోకాలు ఆన్చి, భుజాల మీదికి ఎగిరిపోతారు. కృష్ణాష్టమికి ఉట్టి కొట్టే కుర్రాళ్లని చూశావు కదా, ఒకడి మీద ఒకడు ఎక్కి. అలాగే, కాకపోతే ఇక్కడ ఉట్టి గంటకి నూరు సార్లు ఊగుతూ వస్తుంది, కిందివాడు పగవాడు.

● పోయి పోయి పిల్లి పేరు పెట్టుకున్నారేటండీ? ఎదురొస్తే పని చెడుతుందంటారు కదా?
– నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు

మనకి చెడుతుంది, వాళ్లకి కుదిరింది. 1923లో జట్టు వరసగా ఓడిపోతుంటే, ఒక పత్రికలో బొమ్మలేసే ఆయన "మీకో నల్లపిల్లి ఉంటే అదృష్టం కలిసొస్తుంది" అన్నట్టు బొమ్మ గీశాడు. ఆ పేరే ఉండిపోయింది. నేనున్న అయిదు నెలల్లో మ్యాచ్ రోజున ఇంట్లోంచి బయల్దేరేముందు గుమ్మం దగ్గర రెండు నిమిషాలు ఆగడం మానలేదు. అలవాటు.

● ఆ జట్టులో మన భారతీయులెవరైనా ఆడారా?
– ఆమదాలవలస నుంచి ఒక పాఠకుడు

నాకు తెలిసి మనిషి ఆడలేదు గానీ మన రాజుగారి పేరు ఆడింది. ఆ ఆట పెద్ద లీగులో ఏటా అందరికన్నా బాగా, మర్యాదగా ఆడినవాడికి బ్రౌన్‌లో మెడల్ ఇస్తారు. బ్రౌన్‌లో అన్నాయనా జిలాంగ్ మనిషే. 1924లో మొట్టమొదటి మెడల్ అందుకున్నది జిలాంగ్ ఆటగాడు ఎడ్వర్డ్ గ్రీవ్స్. ఆయన్నెవరూ ఎడ్వర్డ్ అనలేదు, 'కార్జి' అనేవారు. ఎందుకంటే, అతను పుట్టిన రోజుల్లో ఆడుతున్న ఒక ఇంగ్లీషు సంగీత నాటకంలో భోంగ్ రాజా అని ఒక భారతీయ సంస్థానాధీశుడి పాత్ర ఉండేది. ఆ పాత్ర పేరు ముక్క తీసి పిల్లాడికి తగిలించారు. భోంగ్ అనే సంస్థానం ఎక్కడా లేదు. అసలైన సంస్థానం ఊళ్లో పుట్టి, కోట గోడ పక్కన సైకిలు తొక్కిన నాకు ఇది విని నవ్వాగలేదు. పక్కింటాయనకి మా కోట ఫొటో ఫోన్లో చూపిస్తే, "అయితే మీది భోంగ్ అన్నమాట" అన్నాడు. అయిదు నెలలూ నేనాయనకి భోంగ్ రాజానే.

ఈ గ్రీవ్స్ తన్నుడు ఎంత పద్ధతిగా ఉండేదంటే, 1928లో అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు తమ ఫుట్‌బాల్ కుర్రాళ్లకి బంతి తన్నడం నేర్పడానికి పిలిపించుకున్నారు. ఇప్పటికీ జిలాంగ్ క్లబ్బులో ఏటి మేటి ఆటగాడికిచ్చే పతకం పేరు కార్జి గ్రీవ్స్ మెడల్. లేని రాజుగారి పేరు ఏటా మెళ్లో వేస్తున్నారు.

● మన విజ్జీ గారూ కెప్టెనే కదా మాస్టారూ, ఆయన్ని తలవరేం?
– విజయనగరం నుంచి ఒక పాఠకుడు

తలుస్తాను. విజయనగరం రాజకుమారుడు విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. అంతకు కొన్నేళ్ల ముందు ఇంగ్లండ్ మేటి బ్యాట్స్‌మన్లు హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ మన దేశానికి రప్పించి ఆడించిన ఘనత ఆయనదే. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసిన పరుగులు 33. లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేశారు. మన ఊరివారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

● అక్కడ ఒక ఆటగాణ్ణి ఏకంగా 'దేవుడు' అనేవారట నిజమేనా?
– పలాస నుంచి ఒక పాఠకుడు

నిజమే. గ్యారీ ఆబ్లెట్, పెద్దాయన. కొడుకు పేరూ గ్యారీయే కాబట్టి పెద్ద, చిన్న అని చెప్పుకోవాలి. మన దగ్గర సినిమా హీరోలకి గుళ్లు కట్టినవాళ్లున్నారు కాబట్టి నాకు పెద్ద వింతనిపించలేదు. కానీ వీడియోలు చూశాక ఒప్పుకున్నాను. దిట్టమైన ఒళ్లు, పెద్ద పొడుగేమీ కాదు, ఎగిరితే మాత్రం ఎదుటివాడి తల మీద కూర్చుంటాడు. 1993, 94, 95, మూడేళ్లూ వరసగా ఏడాదికి నూరు గోల్స్ దాటించాడు. 1994లో గ్యారీ పెర్ట్ అనే కాలింగ్‌వుడ్ ఆటగాడి మీంచి ఎగిరి ఒంటిచేత్తో పట్టిన మార్క్ ఇప్పటికీ టీవీలో వేస్తూనే ఉంటారు.

అయితే అందరూ చెప్పేది 1989 ఫైనల్. సెప్టెంబరు చివరి శనివారం, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండు, ఎదురు హాథార్న్. ఆబ్లెట్ ఒక్కడే తొమ్మిది గోల్స్ కొట్టాడు. ఫైనల్లో అంతకుమించి ఎవరూ కొట్టలేదు. 1928లో గార్డన్ కొవెంట్రీ ఒకడే ఆ లెక్కకి సమానం. ఆ రోజు మేటి ఆటగాడి పతకం కూడా ఆబ్లెట్‌కే ఇచ్చారు. ఇంతా చేసి జట్టు ఓడిపోయింది. 144, 138. ఆరు పాయింట్లు, అంటే ఒక్క గోల్ తేడా. పక్కింటాయన ఈ అంకెలు చెప్పేటప్పుడు గోడ మీద గోటితో రాసి చూపించాడు. ముప్పై నాలుగేళ్ల కిందటి మ్యాచ్ అది.

ఆ రోజు ఆట మొదలైన క్షణంలోనే జిలాంగ్ వాడు ఒకడు పరుగున వచ్చి హాథార్న్ ఆటగాడు డెర్మట్ బ్రెరెటన్‌ని గుద్దేశాడు. పక్కటెముకలు విరిగాయి. మైదానంలోనే వాంతి చేసుకున్నాడు, అయినా బయటికి పోలేదు, కాసేపట్లోనే మార్క్ పట్టి గోల్ కొట్టాడు. అదే జట్టులో ఇంకొకడు ఊపిరితిత్తికి చిల్లు పడి కూడా ఆఖరిదాకా ఆడాడు. అక్కడ ఇవన్నీ వీరగాథల్లా చెప్పుకుంటారు. నేనూ నోరు తెరుచుకుని విన్నాను. దీని గురించి కింద ఇంకో ఉత్తరంలో చెప్తాను.

మైదానం దాటాక ఈ దేవుడి బతుకు సాఫీగా సాగలేదు. ఆట మానేసిన తొమ్మిదేళ్లకి, 2005లో గానీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వలేదు.

● కొడుకులు కూడా అక్కడ తండ్రి పేరు చెప్పుకునే జట్టులోకి వస్తారా? మన రాజకీయాల్లాగే ఉందే!
– రాజాం నుంచి ఒక పాఠకుడు

రాజకీయాల్లో రాయని నియమం, అక్కడ రాసిన నియమం. తండ్రి ఒక క్లబ్బుకి నూరు మ్యాచ్‌లు ఆడితే, కొడుకుని తీసుకోవడంలో ఆ క్లబ్బుకి ముందు అవకాశం. దాన్ని 'ఫాదర్-సన్' రూల్ అంటారు. దీంతో బాగా లాభపడింది జిలాంగే. చిన్న గ్యారీ ఆబ్లెట్ అలాగే వచ్చాడు. తండ్రికి దక్కని రెండూ కొడుక్కి దక్కాయి: ఛాంపియన్ జట్టులో చోటు, బ్రౌన్‌లో మెడల్. మెడల్ రెండుసార్లు, 2009లో జిలాంగ్ తరఫున, 2013లో గోల్డ్‌కోస్ట్‌కి వెళ్లాక.

జాన్ స్కార్లెట్ కొడుకు మాథ్యూ స్కార్లెట్. రక్షణలో ఆడేవాడు, గోల్స్‌తో పనిలేదు. 2009 ఫైనల్, సెయింట్ కిల్డా మీద, ఆఖరి నిమిషాలు, ఎటైనా పోవచ్చు. బంతి నేల మీద దొర్లుతూ వస్తోంది. వంగి తీస్తే మీద పడిపోతారు. వంగలేదు. బూటు మొనతో చిన్నగా, గోళీని గోటితో కొట్టినట్టు, ముందుకి పొడిచాడు. అది సరిగ్గా చిన్న ఆబ్లెట్ చేతిలోకి లేచింది. అక్కణ్నుంచి ముందుకెళ్లి పాల్ చాప్‌మన్ గోల్ చేశాడు. జిలాంగ్ పన్నెండు పాయింట్లతో గెలిచింది. స్కార్లెట్ అన్నేళ్లు ఆడిన ఆటంతా ఒకెత్తు, ఆ బొటనవేలు ఒకెత్తు.

జాక్ హాకిన్స్ కొడుకు టామ్ హాకిన్స్ 2024లో 359 మ్యాచ్‌లాడి మానేశాడు. జిలాంగ్‌కి అందరికన్నా ఎక్కువ ఆడినవాడు ఇప్పుడతనే. 355 మ్యాచ్‌లతో అంతకు ముందు లెక్క జోయెల్ సెల్వుడ్‌ది. తేడా చెప్పనా? అక్కడ కొడుకు పనికిరాకపోతే మూడో ఏడు ఇంటికి పంపేస్తారు.

● ఆటల్లో శాపాలూ దిష్టీ ఉంటాయా?
– టెక్కలి నుంచి ఒక పాఠకురాలు

డ్రిల్ మాస్టారుగా లేవని చెప్పాలి. అయితే ఇది వినండమ్మా. 2008లో జిలాంగ్ లీగంతా ఒకే ఒక్క మ్యాచ్ ఓడి, ఫైనల్లో మళ్లీ ఆ హాథార్న్ చేతిలోనే బోర్లా పడింది. మర్నాటి ఏడు హాథార్న్ క్లబ్బు అధ్యక్షుడు జెఫ్ కెన్నెట్, ఒకప్పుడు విక్టోరియా రాష్ట్రాన్నేలిన పెద్దమనిషి, జిలాంగ్ వాళ్లకి గెలవాలనే గుండె లేదన్నట్టు మాట్లాడాడు. అంతే. ఆ తర్వాత వరసగా పదకొండు మ్యాచ్‌లు హాథార్న్ జిలాంగ్ మీద ఓడింది. కొన్ని మరీ దారుణం, ఆఖరి తన్నుకి పోయినవి. 'కెన్నెట్ శాపం' అని పేరు పడింది. 2013 సెమీఫైనల్లాంటి మ్యాచ్‌లో హాథార్న్ అయిదు పాయింట్లతో గెలిస్తే గానీ అది విడవలేదు. పెద్దలు ఊరికే అన్లేదు, నోరు మంచిదైతే ఊరు మంచిదని.

● మా తమ్ముడు ఆరడుగులు, కబడ్డీ బాగా ఆడతాడు. ఆ ఆటలోకి తీసుకుంటారా?
– పాలకొండ నుంచి ఒక పాఠకురాలు

2022లో ఛాంపియన్‌గా గెలిచిన జిలాంగ్ జట్టులో ఇద్దరు ఐర్లండ్ వాళ్లున్నారు, జాక్ టూహీ, మార్క్ ఓకానర్. వాళ్ల దేశంలో గేలిక్ ఫుట్‌బాల్ ఆడి, ఇక్కడికొచ్చి ఈ కోడిగుడ్డు బంతి నేర్చుకున్నారు. కాబట్టి దారి లేకపోలేదు. ముందు మీ తమ్ముణ్ణి ఇంటర్ పాసవ్వమనండి.

● మన సిక్కోలుకీ ఆ దేశానికీ ఏమైనా సంబంధం?
– శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు

ఏటి బాబూ, మర్చిపోయావా! 2000 సెప్టెంబరులో సిడ్నీలో మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెల్చిన మొదటి భారతీయురాలు. పక్కింటాయన 144, 138 అని గోడ మీద రాసినప్పుడు నేనూ కింద 110, 130 అని రాశాను. ఊరుకుంటానా.

● వీళ్లందర్లో మీ లెక్కన ఎవరు గొప్ప? గోల్స్ ఎక్కువ కొట్టినవాడేనా?
– ఎస్.కోట నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

మన శాఖవాడివి కాబట్టి నీతో మనసు విప్పి మాట్లాడతాను. గోల్స్ లెక్కే అయితే డగ్ వేడ్ ఉన్నాడు. జిలాంగ్, తర్వాత నార్త్ మెల్‌బోర్న్, రెంటికీ కలిపి 1057. ఆబ్లెట్‌కన్నా ఎక్కువ. వీధిలో ఎవర్నడిగినా మాత్రం ఆబ్లెట్ అంటారు. నా ఓటు ఇద్దరికీ కాదు. పాలీ ఫార్మర్‌కి.

అసలు పేరు గ్రాహమ్ ఫార్మర్. చిన్నప్పుడు చిలకలా వాగేవాడని 'పాలీ' అన్నారట. 1935లో పడమటి తీరాన పెర్త్ వైపు పుట్టాడు. నూంగార్ అనే ఆదివాసీ జనం బిడ్డ. సిస్టర్ కేట్స్ అని పెర్త్‌లో ఒక పిల్లల ఆశ్రమం, అందులో పెరిగాడు. ఒక కాలు రెండోదానికన్నా పొట్టి. నేను సీతంపేట వైపు ఆశ్రమ పాఠశాలలో మూడేళ్లు చేశాను. కొండ దిగి వచ్చిన సవర పిల్లలు బూట్లు లేకుండా రాళ్లలో ఎలా పరిగెట్టేవారో నాకు తెలుసు. అందుకే ఈ మనిషి కథ మొదలెట్టగానే పక్కింటాయన్ని ఆపి, కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను.

పెర్త్‌లో అక్కడి లీగు మేటి పతకం మూడుసార్లు కొట్టి, ఇరవై ఏడో ఏట, 1962లో జిలాంగ్ వచ్చాడు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. ఆ ఏడు దాదాపు ఖాళీ. మర్నాటి ఏడు లేచాడు.

ఆటలో అతని పని రక్. అంపైరు బంతిని నేలకి కొట్టి పైకి లేపితే, రెండు జట్ల పొడుగువాళ్లూ ఎగిరి దాన్ని తమవాళ్ల వైపు తట్టాలి. అంతవరకే వాళ్ల పని అనుకునేవారు. హ్యాండ్‌బాల్ అని చెప్పానే, దాన్ని అప్పట్లో మీద నలుగురు పడ్డప్పుడు వదిలించుకోడానికి తప్ప వాడేవారు కాదు. ఫార్మర్ దాన్ని ఆయుధం చేశాడు. బంతి గాల్లో అందుకుని, కింద కాలు పడేలోపే, పిడికిలితో ముప్పై అడుగులు నలభై అడుగుల దూరం గుద్ది, పరిగెడుతున్నవాడి పొట్ట ముందుకి చేర్చేవాడు. అవతల ఉండేది బిల్ గాగిన్ అని పొట్టి మనిషి, పాదరసం. ఫార్మర్ కార్లమ్మే చోట నిలబెట్టిన కారు అద్దం దించి, ఆ కిటికీలోంచి బంతి దూరేలా గుద్ది గుద్ది సాధన చేసేవాడని చెప్తారు. పక్కింటాయన నాకు నిమ్మకాయతో చూపించాడు. ఎడమ అరచేతిలో నిమ్మకాయ, కుడి పిడికిలితో ఒక్క గుద్దు, అది మా అమ్మాయి వంటింటి కిటికీలోంచి పోయి సింకులో పడింది. అది చూస్తే ఆయన కళ్లల్లో పదేళ్ల కుర్రాడు కనిపించాడు. ఎందుకంటే 1963లో ఆయనకి పదేళ్లే. ఆ ఏడు బాబ్ డేవిస్ శిక్షణలో, ఫార్మర్ రక్‌లో ఉండగా, జిలాంగ్ హాథార్న్‌ని 49 పాయింట్లతో ఓడించి ఛాంపియన్ అయింది. 1967లో ఫార్మరే కెప్టెన్, ఫైనల్లో రిచ్‌మండ్ మీద తొమ్మిది పాయింట్లతో ఓడిపోయి, అదే ఆఖరి ఆటగా పెర్త్ వెళ్లిపోయాడు. తర్వాత జిలాంగ్ మళ్లీ గెలవడానికి 2007 రావాల్సొచ్చింది. పదేళ్ల కుర్రాడు యాభై నాలుగేళ్ల మనిషయ్యాడు. అప్పుడు మాత్రం 119 పాయింట్ల తేడాతో గెలిచారు, ఫైనల్స్‌లో అంత తేడా ఇంకెవరికీ లేదు.

ఫార్మర్ జిలాంగ్‌కి ఆడింది 101 మ్యాచ్‌లే. అయినా ఇవాళ ఆ ఆట నేర్చుకునే పిల్లలకి హ్యాండ్‌బాల్ తప్పకుండా నేర్పుతారు.

నాకెందుకింత పట్టిందో చెప్తాను. మన వైపు ఊరూరా వాలీబాల్ కదా. నా బళ్లో ఒక గుంటడుండేవాడు, బంతి లేపి ఇచ్చేవాడు. ఎటు పడ్డా, ఎలా పడ్డా, కొట్టేవాడి చేతికి సరిగ్గా జానెడు పైన పెట్టేవాడు. జోనల్ ఎంపికలకి తీసుకెళ్తే, ఎంపిక చేసేవారు కొట్టిన షాట్లు లెక్కెట్టి, వీడు ఒక్కటీ కొట్టలేదని పక్కనపెట్టారు. వీడు లేపితే కొట్టినవాడు మాత్రం జిల్లాకి ఆడాడు. నేను గట్టిగా వాదించలేదు, కొత్త ఉద్యోగం. ఎస్.కోటలో నువ్వు ఎంపికలకి పిల్లల్ని తీసుకెళ్తావు కదా, నువ్వు వాదించు.

● మా బాబు తొమ్మిదో తరగతి. కబడ్డీలో తల తగిలి కాసేపు ఎవర్నీ గుర్తుపట్టలేదు. వాళ్ల సారు నీళ్లు కొట్టి మళ్లీ ఆడించారు. మర్నాడు బాగానే ఉన్నాడు. భయపడాలా?
– ఇచ్ఛాపురం నుంచి ఒక తల్లి

అమ్మా, ముందు డాక్టరుకి చూపించండి. బాగానే ఉన్నాడనుకుని ఆగొద్దు. తలనొప్పి, మగత, చదివింది గుర్తుండకపోవడం, చిరాకు, ఇవేవైనా కనిపిస్తే అసలు ఆగొద్దు. డాక్టరు సరేననేదాకా ఆట మాన్పించండి.

పైన నేను పొగిడిన పాలీ ఫార్మర్ 2019 ఆగస్టులో ఎనభై నాలుగో ఏట చనిపోయాడు. చివరి ఏళ్లలో జ్ఞాపకశక్తి పోయింది. చనిపోయాక మెదడు పరీక్షిస్తే, తలకి పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే జబ్బు బయటపడింది. సీటీఈ అంటారు. ఆ ఆటగాళ్లలో ఈ జబ్బు ఉందని తేలిన మొదటి మనిషి ఆయనే. 2020లో ఆ సంగతి లోకానికి చెప్పారు. ఇప్పుడు ఆ లీగులో తల అదిరిందని తేలితే ఎంత పెద్ద ఆటగాడైనా కనీసం పన్నెండు రోజులు మైదానం తొక్కడానికి లేదు.

మీ బాబుకి నీళ్లు కొట్టిన సారుని ఏమీ అనలేను, ఎందుకంటే నేనూ అదే చేశాను. ఎన్నోసార్లు. తల తిరుగుతోంది సార్ అంటే "ఏటిరా ఆడపిల్లలా" అని లోపలికి తోశాను. ఆడపిల్లలు ఇంకా గట్టివాళ్లని మల్లీశ్వరిని చూశాక కూడా ఆ మాట నోట్లోంచి పోలేదు. విరిగిన పక్కటెముకల కథ విని చప్పట్లు కొట్టిన వారంలోనే పక్కింటాయన ఫార్మర్ ఆఖరి రోజుల సంగతి చెప్పాడు. ఆ రాత్రి నేను లోపలికి తోసిన పిల్లల పేర్లు గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. నలుగురి పేర్లు వచ్చాయి. ఇంటికొచ్చాక ముగ్గురికి ఫోన్ చేశాను, బాగానే ఉన్నారు, నేనెందుకు చేశానో వాళ్లకి అర్థం కాలేదు. నాలుగోవాడి నంబరు కోసం ఇంకా అడుగుతున్నాను.

● ఆ బంతి మన దగ్గర దొరుకుతుందా? ఒకసారి పట్టుకుని చూడాలని ఉంది.
– విజయనగరం నుంచి ఏడో తరగతి విద్యార్థి

కొట్లో దొరకదు నాయనా. షెరిన్ అని పేరు, తోలు బంతి, పగటి ఆటకి ఎరుపు, రాత్రి ఆటకి పసుపు. నేను తిరిగొచ్చేటప్పుడు పక్కింటాయన ఎర్రదొకటి ఇచ్చాడు. గాలి తీసి, చీరల మధ్య పెట్టి తెచ్చాను. మన ఊరి అయోధ్య మైదానంలో మొదటిరోజు దాన్ని చూసి పిల్లలు "పనసకాయేటి మాస్టారూ" అన్నారు. ఇప్పుడు పదిమంది దాకా పోగవుతున్నారు. తన్నడం ఎవరికీ సరిగా రాలేదు, ఎటు తంతే ఎటో పోతుంది. పిడికిలితో గుద్దడం మాత్రం బాగా పట్టేశారు. అందులో ఒక పిల్ల, ఆరో తరగతి, సైకిలు చక్రం సందులోంచి పంపిస్తోంది.

ఆదివారం పొద్దున్న ఆరింటికి రా. వచ్చేటప్పుడు గాలి కొట్టే పంపుంటే తెచ్చుకో, నాది పాడైంది.